అడవి మిరియాల చారు

ఏమే,

నువ్వు పోయి నేటికి ఏడాది. పుంగనూరు నుంచి నీ తమ్ముడు మునెప్ప వచ్చాడు. నువ్వు రామకుప్పం అడవిలో ఏరుకొచ్చి దాచిన మిరియాలతో చారు కాచాను. ఎన్ని వేసేదానివో నిన్నెప్పుడూ అడగలేదు. గుప్పెడు దంచి వేశాను.

ఒక్క సంగటి ముద్దకే ఇద్దరికీ కళ్ల నీళ్లు ధారకట్టాయి. నాలుకలు మొద్దుబారి మాట రాలేదు. అప్పుడే పక్కింటి గంగమ్మ వచ్చింది.

“అక్క పోయిన పొద్దు ఒక్క సుక్క కార్చలే ఈయప్ప! ఇప్పుడు సూడు, ఎట్లా ఏడుస్తాండాడో!” అంటూ తానూ కొంగు అడ్డం పెట్టుకుంది.

చెంబెడు నీళ్లు తాగాక మునెప్పకు మాట వచ్చింది. “బావా, మనిషి తినేదేనా ఇది? పారబొయ్యప్పా!”

నలుగురిలో ఏడవాలంటే నాకెంత సిగ్గో నీకు తెలుసు.

ఇంకో గరిటె పోసుకున్నాను.