కత్తెర కింద పడ్డ మందు పేరు

చిన్నీ, నీ ఫోన్ ఎంతకీ కలవడం లేదు. అందుకే కుట్టుమిషన్ మీద ఈ చీటీ పెడుతున్నాను. మీ బావని పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నా.

రాగానే ముందు గుడ్డముక్కల సంచి నేల మీద గుమ్మరించు. అందులో వెండిరేకు ముక్కలుంటాయి. బావ పంటినొప్పికి వాడిన యాంటీబయాటిక్ మాత్రల అట్ట అది. నిన్న ఆఖరి మాత్ర అవగానే, కత్తెర పదునెక్కుతుందని ఎప్పట్లాగే కచకచా కత్తిరించేశాను. మందుల చీటీ ఎక్కడా కనబడలేదు, పళ్ల డాక్టర్ ఇవాళ ఊళ్లో లేడు. అక్షరాలున్న ముక్క ఒక్కటీ వదలకుండా కవర్లో వేసుకుని వచ్చెయ్.

పొద్దున తెల్లచొక్కా కాలర్ మెడకి పెట్టి చూస్తుంటే, ఆయన కళ్లు పచ్చగా కనిపించాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. వీధి చివర డాక్టరమ్మ చూసి, "లివర్ బాగా దెబ్బతిన్నట్టుంది. కొన్ని యాంటీబయాటిక్స్‌తో ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది. ఏ మందో తెలియాలి, ఆలస్యం చెయ్యకండి" అంది. ఆ ఎక్కడో ఒకరు మనింట్లోనే ఉండాలా?

గ్యాస్ కట్టేశానో లేదో గుర్తు లేదు, చూడు.

ఇంకో మాట. అన్నం సయించట్లేదు, వికారంగా ఉంది, మాత్రలు మానేస్తానని బావ నాలుగు రోజుల నుంచి మొత్తుకుంటూనే ఉన్నాడు. డాక్టర్‌ని అడుగుదామని కూడా అనుకోకుండా, కోర్సు మధ్యలో మానకూడదని ఎదురుగా నిలబడి మింగించింది నేనే. ఆయన ఇంతవరకూ నన్ను ఒక్క మాట అనలేదు. ఎప్పుడూ ఊరుకునే మనిషి కాదే, చిన్నీ.