నేనే తయారుచేసిన ఎక్స్‌రే ప్రోగ్రామును ఆపించమని

గౌరవనీయులైన కూర్మారావు గారికి,
పర్యవేక్షణాధికారి, కార్మిక ఆరోగ్య పరిశోధన విభాగం, జంషెడ్‌పూర్.

అయ్యా,

విషయం: ఎక్స్‌రే ఫొటో చూసి ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము ఉన్నదీ లేనిదీ చెప్పే ప్రోగ్రామును సోమవారం జుగ్సలాయిలో జరిగే కార్మికుల వైద్య పరీక్షల శిబిరంలో వాడకుండా ఆపించుట గురించి, సదరు ప్రోగ్రాము తయారుచేసినవాడు నేనే అగుట గురించి.

బాగ్‌బేరా రైల్వే కాలనీ వాస్తవ్యుడను, తమ విభాగంలో కాంట్రాక్టు ప్రోగ్రామరును అయిన హరికిరణ్ అను నేను మనవి చేసుకొనునది. తమరు తెలుగువారు కనుక తెలుగులో రాసుకుంటున్నాను. హిందీలోనూ ఇంగ్లీషులోనూ ఈ ప్రోగ్రామును ఇంతకాలం పొగిడి ఉన్నందున, ఆ భాషల్లో నిజం చెప్పడానికి మొహం చెల్లడం లేదు.

1. సదరు ప్రోగ్రాము మా ఇంటి కంప్యూటరులో తయారైనది. ఆ కంప్యూటరును నేను ఎన్నడూ ఆపి ఎరుగను. ఆపితే మళ్ళీ ఏమవుతుందోనని భయం. ఈ భయానికే "నిరంతరాయ సేవ" అని పేరు పెట్టి తమ చేత శాలువా కప్పించుకున్నాను.

2. విశ్వకర్మ పూజ సభలో తమరు ఆ శాలువా కప్పుచున్న సమయమున, ఇంటి వద్ద మా అమ్మ నూకాలమ్మ కంప్యూటరు ప్లగ్గు పీకి, తడిగుడ్డతో తుడిచి, గంధం కుంకుమ పెట్టి, మందార దండ వేసినది. మా నాన్న రైలింజిన్లు బాగుచేసే లోకో షెడ్డులో పనిచేసిన రోజుల నుంచీ ఆవిడకు ఇదే ఆచారం. ఆ రోజున ఇంట్లో మిక్సీ కూడా తిరగరాదు. నేను కేకలేయగా ఆవిడ జవాబు: "ఇంజిన్లకే ఆ దినం సెలవిత్తారు కదరా. నీ డబ్బా ఏటి, ఇంజిను కంటే గొప్పదేటి?"

3. మర్నాడు ప్లగ్గు పెట్టగా, నేను వాయిదా వేస్తూ వచ్చిన అప్‌డేట్లన్నీ కంప్యూటరు ఒక్కసారిగా తెచ్చుకున్నది. నా ప్రోగ్రాము ఆధారపడిన సాఫ్టువేరు భాగాలు మారిపోయినవి. అంతకుముందు ఏ భాగం ఏ వెర్షనో నేను ఎక్కడా రాసిపెట్టలేదు. గుర్తుంటుందిలే అనుకున్నాను. నిన్న తిన్న కూర గుర్తుండని మనిషిని.

4. మా మేనమామ అసిరయ్య రాయి పిండి చేసే మిల్లులో కాంట్రాక్టు కూలీ. ఆయన ఎక్స్‌రేనే పరీక్షకు వాడుతూ వచ్చాను. పూజకు ముందు ప్రోగ్రాము "దుమ్ము జాడ ఉంది" అన్నది. పూజ తర్వాత అదే ఫొటోకు "ఆరోగ్యవంతుడు" అంటున్నది. విభాగం కంప్యూటరులో ఎక్కించి చూడమని టెక్నీషియన్ ఉజ్వలను బతిమాలగా, అక్కడ అసలు తెరుచుకోనే లేదు. "భయ్యా, యే సిర్ఫ్ ఆప్‌కే ఘర్ మే చల్తా హై క్యా?" అన్నది. మా ఇంట్లో మాత్రమే నడుస్తుందేమోనని ఆ అమ్మాయి అనుమానం. మా ఇంట్లోనూ సరిగా నడవడం లేదని ఈ అర్జీలోనే మొదటిసారి ఒప్పుకుంటున్నాను.

5. రెండింటిలో ఏ జవాబు నిజమో నాకు తెలియదు. మామయ్య దగ్గు మాత్రం అప్‌డేటుకు ముందూ తర్వాతా ఒక్కలాగే ఉన్నది. ఆయనకేమో రెండో జవాబే నచ్చింది. శిబిరంలో ఆరోగ్యవంతుడని తేలితేనే మిల్లువాళ్ళు గేట్ పాస్ మళ్ళీ ఇస్తారు. "రెండోదే ఖాయం చేసీరా అల్లుడూ. ఊపిరి సంగతి తరవాత చూసుకుందుం. గేటు కాడ ఆపేత్తే ఇంట్లో ఏటి తింతాం?" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అర్జీలో ఇవి రాయవచ్చునో లేదో తెలియక రాస్తున్నాను.

కావున సోమవారం ఫొటోలన్నీ డాక్టరు గారే చూసేటట్టు ఉత్తర్వులు ఇప్పించవలెను. ప్రోగ్రామును నేను మొదటి నుంచి సరిచేసి, ఏ భాగం ఏ వెర్షనో సహా సమస్తం రాసిపెడతాను. నేను పక్కన లేకుండా, ఆ రాతలు మాత్రమే చూసుకుని ఉజ్వల దానిని వేరే కంప్యూటరులో ఎక్కించాలి. డాక్టర్లు ముందే తేల్చిన ఫొటోలు ఇస్తే అక్కడా ఇక్కడా ఒకే జవాబు, అదీ సరైన జవాబు రావాలి. ప్లగ్గు పీకి పెట్టిన తర్వాత కూడా రావాలి. ఈ చివరి పరీక్షకు మా అమ్మను పంపగలను, ఆవిడకు అనుభవమున్నది. అంతవరకు నా ప్రోగ్రామును ఏ రోగి దరిదాపులకూ రానీయవద్దు.

శాలువా వాపసు చేయుటకు సిద్ధమే గాని, అమ్మ దానిని కంప్యూటరు మీద కప్పి ఉంచినది.

నా మాట చిత్తగించవలెను, నా ప్రోగ్రాము మాట చిత్తగించవద్దు.

తమ విధేయుడు,
హరికిరణ్

తా.క.: ఇది అమ్మకు చదివి వినిపిస్తుంటే ఇప్పుడే తెలిసింది సార్. పొద్దున మామయ్య వచ్చి, ప్రింటరులో ఉన్న "ఆరోగ్యవంతుడు" కాగితం పట్టుకుపోయాడట. సోమవారం లైన్లో అందరికంటే ముందు ఆయనే ఉంటాడు. పొట్టిగా ఉంటాడు, తలకి ఎర్ర తువ్వాలు, దగ్గు వస్తే మొహం పక్కకి తిప్పుకుని నవ్వుతున్నట్టు నటిస్తాడు. కాగితం కింద నా సంతకమే ఉంటుంది. ప్రతి ప్రింటు మీదా అది దానంతటదే పడేలా గొప్పకోసం నేనే పెట్టుకున్నాను. దాన్ని చింపేయండి. డాక్టరు చూసేదాకా ఆయన్ని మాత్రం వదలొద్దు. మిమ్మల్నీ నన్నూ కలిపి తిడతాడు. తిట్టనివ్వండి సార్, తిట్టడానికైనా ఆయనకి ఊపిరి ఉండాలి.