కుర్చీలో కూర్చోబెట్టిన కోడలు

తమ్ముడా మహేందర్, నీ పెండ్లాన్ని ఒంటరిదాన్ని చేసింది నువ్వు, అవ్వ, నేను. ముగ్గురిదీ తప్పే.

నేను బీడీ కార్మికుల ధర్నాకు నిజామాబాద్ పోతున్నాను, రేపు గాని రాను. కూర పొయ్యి మీదే ఉంది. పాలు చల్లారాక తోడు పెట్టు. ఇగ అసలు సంగతి విను.

మస్కట్‌లో పెండ్లి చేసుకుని, శ్రీలంక పిల్ల నీల్మిణిని నువ్వు మనింటికి తెచ్చి మూడు నెలలైంది. వాకిట్లో ఆడవాళ్లందరం ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చుడుతూ ముచ్చట్లాడతాం. నీల్మిణి మా పక్కన కూర్చోబోతే అవ్వ దూరంగా కుర్చీ వేస్తుంది. "కొత్త కోడలివి, నువ్వు కింద కూసునుడేంది బిడ్డా! గాడ సల్లగ కూసో" అంటుంది. మర్యాద చేస్తున్నామని నేనూ మురిసిపోయాను.

ఇందాక వచ్చీరాని హిందీలో నన్ను అడిగింది: "అక్కా, మీరు నన్ను ముట్టుకోవద్దా? అందుకేనా దూరం కూర్చోబెడతారు?" అడిగిన వెంటనే లోపలికి పోయి బట్టలు సంచిలో సర్దుకుంటోంది.

నా చాట ఆమెకు ఇవ్వు. ఆకు తడిపి పెట్టాను, చుట్టడం పక్కింటి సావిత్రి నేర్పుతుంది. అవ్వ అడ్డొస్తే అక్క చెప్పిందను.

ఇంకొకటి. ఆమె పాస్‌పోర్టు నీ పెట్టెలో పెట్టి తాళం వేశావట, మస్కట్‌లో నీ సేటు నీకు చేసినట్టే. ఈ పూట ఆటో కిరాయికి తియ్యకు, ఇంట్లోనే ఉండు. అది ఆమె చేతిలో పెట్టి, ఉంటావా పోతావా అని అడుగు. పోతానంటే ఏడ్చి ఆపకు.