పడమటి గాలి కంటే ముందే

చిరంజీవి చెల్లాయికి అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామంటే, ఈ దీవిలో ఉన్నది నేనూ, ఆఫీసు రేడియో, పొయ్యి పక్కన పడుకునే పిల్లీ. ముగ్గురం క్షేమం. బావ కాలి కట్టు విప్పారో లేదో ముందు రాయి.

మా సముద్రం చల్లనిది కదా, ఇక్కడికి తుఫాను ఎలా వచ్చిందని అడిగావు. అది అసలు తుఫాను కాదమ్మా, దాని పిన్ని కూతురు. మా దగ్గర నీళ్ళు వేడెక్కి మబ్బులు గుట్టలు పడతాయి. ఎప్పుడూ తూర్పు నుంచి వీచే గాలి పడమర నుంచి వీచిందంటే, ఆ తేమ పది రోజుల్లో మీ వైపు చేరుతుంది. అక్కడ పైనున్న చల్లగాలి తగిలి సుడి తిరుగుతుంది.

ఆ గాలిని కనిపెట్టడానికే వాతావరణ ఆఫీసువాళ్ళు నాకు జీతమిస్తున్నారు. రోజూ పొద్దున్నే బెలూను వదిలి, ఎటు పోతోందో చూసి అంకెలు పంపాలి. నెలల తరబడి అవే అంకెలు. చూడకుండానే రాసెయ్యొచ్చు అనిపిస్తుంది.

"మీ ఆఫీసువాళ్ళు నిద్రపోయారా అన్నయ్యా?" అని వెక్కిరించావు. రెండు వారాలుగా ఆ మాట దగ్గరే ఆగిపోతున్నాను. నిద్రపోయింది నేనేనమ్మా. ఆ రోజు నా పుట్టినరోజు. మనిషితో మాట్లాడి నెల దాటింది. మంచం దిగబుద్ధి కాలేదు. ముందురోజు అంకెలే దింపి పంపేశాను. మర్నాడు బెలూను వదిలితే పడమటి గాలి. దాంతో తుఫాను ఏ రోజు తాకుతుందన్న లెక్క తప్పి, మీకు హెచ్చరిక ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. ఆ రోజే బావ పడవేసుకుని వెళ్ళి కాలు విరగ్గొట్టుకున్నాడు.

పై అధికారికి అంతా రాశాను. ఒక్కచోటి అంకెతో ఏం మారుతుందిలే అన్నారు. మారేదేమో, ఎవరికి తెలుసు? బావకి ముఖం చూపించలేక సెలవు కూడా పెట్టలేదు. నువ్వూ ఉత్తరాలు మానేస్తావేమోనని భయంగా ఉంది. ఇంక నాకు రాసేవాళ్ళెవరూ లేరు.

ఈ పొద్దున మూడు బెలూన్లు వదిలాను. మూడూ తూర్పుకే కొట్టుకుపోయాయి. మళ్ళీ పడమటి గాలి. కబురు అప్పుడే పైకి పంపాను. టపా పడవ గంటలో బయల్దేరుతుంది. ఈ ఉత్తరం నీకు చేరడానికి ఎనిమిది రోజులు, గాలికి పది. ఆ రెండు రోజుల్లో పడవ ఒడ్డు మీదికి లాగించు. కుంటుకుంటూ వస్తానన్నా బావని రానివ్వకు. నన్ను తర్వాత తీరిగ్గా తిడుదువు గాని, రెండు ముక్కలైనా సరే, రాసి తిట్టు.

ఇట్లు,
ఈసారి మేలుకునే ఉన్న
నీ అన్నయ్య