సింహం అరిగిన చెంచా

చిరంజీవి తమ్ముడు నాగరాజుకు, మరదలు రత్నమ్మకు అక్క దీవెనలు. అమ్మ పాదాలకు నమస్కారం.

నరసింహస్వామి దయవల్ల నేను బాగున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? సోలారు పలకలు కడిగేటప్పుడు తలకు తుండు కట్టుకో నాగరాజూ, వేళకు తిను.

బెంగళూరులో ముసురు పట్టింది. మన తిరుమణి ఎండ కొంచెం మూటగట్టి పంపితే బాగుండు. నేను వంట చేసే ఇంటి పెద్దావిడ మెత్తని మనిషి. సాంబారులో మాత్రం బెల్లం వేయమంటుంది. నాకోసం విడిగా కారం నూరుకుంటాను. సాయంత్రమైతే మీరే గుర్తొస్తారు. దిగులు పడకండి, బాగానే ఉన్నాను.

ఫోనులో చెబితే అమ్మ సగం విని పెట్టేస్తుంది, అందుకే రాస్తున్నాను. అమ్మ పక్కన కూర్చుని చదువు. రత్నమ్మ కూడా ఉండాలి.

పోయిన వారం పెద్దావిడ తన పాత వెండి చెంచాలు, ఫోర్కులు ఎక్కడివో, ఎవరు చేసినవో తెలుసుకోవాలని ఒకాయన్ను పిలిపించింది. పాత వెండి చూసే మనిషి, హిందూపురం వైపువాడు. కాఫీ ఇస్తూ చూశాను. చెంచా కాడ వెనక సింహం, అచ్చం మన దేవుడి గదిలోని చెంచా మీద ఒకప్పుడు ఉన్నట్టే. చేతులు జోడించాను.

"ఎందుకమ్మా దండం పెడ్తాండావు?" అన్నాడు.

నిడుగల్లు కొండ కింద గొర్రెలు మేపుతుంటే తాతకు చెంచా దొరకడం, దాని మీద సింహాన్నీ నామాన్నీ చూసి స్వామే వచ్చాడని అవ్వ దానితోనే తీర్థం ఇవ్వడం చెప్పాను. వెంటనే నీకు ఫోన్ చేసి ఫోటో తెప్పించుకున్నది అందుకే.

ఆయన ఫోటో పెద్దది చేసి చూశాడు. "ఇది ఇంగ్లండు చెంచా. సింహమంటే వెండి అసలుదని వేసే ముద్ర. ఇది నామం కాదమ్మా, ఓడ లంగరు. బర్మింగ్‌హామ్ ఊరి గుర్తు. చేసినోని పేరు అక్షరం ఒగటే కనపడతాండాది, వాడెవడో చెప్పలేను. ఏ దొరో కొండకాడ డేరా వేసి పారేసుకోనుంటాడు."

పెద్దావిడ నవ్వింది. "మేము వీటితో ఉప్పిట్టు తిన్నాము, మీరు పూజ చేసినారు. చెంచాకు మీ ఇల్లే మేలు."

నాకు నవ్వు రాలేదు. రత్నమ్మ గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ఆమె ఆ చెంచాను ఇటుక పొడితో తోమితే, సామి ముఖం చెరిపేసిందని అమ్మ అన్నది. బోరు ఎండినా అదే మాట, నేల సోలారుకు ఇచ్చినా అదే మాట. ఆ పిల్ల ఇప్పటికీ పూలు దేవుడి గది గడప బయటే పెట్టి వెళ్లిపోతుంది.

"ఇటుక పొడితో తోమితే ఈ ముద్ర పోతాదేమప్పా?" అని అడిగాను.

"అట్లయితే పక్కనుండే లంగరు గూడా అరగల్ల గదమ్మా. అది కొత్తగా ఉండాది. సింహం ఒగటే నున్నగయింది. దీని మీదనే ఎవురో ఏండ్ల కొద్దీ ఏలు పెట్టి రుద్దినారు."

అమ్మా, ఆ వేలు ఎవరిదో నీకు తెలుసు. అవ్వ రోజూ సింహానికి కుంకుమ పెట్టేది, మర్నాడు తుడిచి మళ్లీ పెట్టేది. భక్తికి అరిగిన ముఖం అది. రత్నమ్మ తప్పు లేదు.

చెంచాను తీసేయమనను. ఏ ఊరి ముద్రయినా ఇన్నేళ్లు మన మొక్కులు విన్నది. ఈ శనివారం రత్నమ్మను నువ్వే లోపలికి పిలువమ్మా. దీపం ఆమె వెలిగించనీ, తీర్థం ఆమె చేత్తో ఇస్తే పుచ్చుకో.

నాగరాజూ, ఎవరైనా ఇటు వస్తుంటే చెనిక్కాయల పొడి పంపు. చిన్నాయనకు, చిన్నమ్మకు నా నమస్కారాలు. అందరి పేరునా ఇక్కడ రోజూ దీపం పెడుతున్నాను.

రత్నమ్మా, అమ్మ పిలవడం ఆలస్యమైతే నువ్వు ఆగొద్దు. గడప దాటు. పెద్దదాన్ని నేను చెప్పానని చెప్పు.

మీ మేలు కోరే అక్క,
లక్ష్మీదేవమ్మ