అయిదు నిమిషాల డబ్బా

మా పిచ్చుకకు అమ్మ మనసారా దీవించి రాసేది. ఇక్కడ నాన్న, నాయనమ్మ, నేను ముగ్గురం బాగానే ఉన్నాం. హాస్టల్లో నువ్వూ, నీ పక్క మంచం గురకపిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు చెబుతాను. నాన్న మోకాలు తగ్గింది. తగ్గలేదని ఆయన అంటారు గానీ, కూరగాయలకు వెళ్ళమంటేనే అది నొప్పెడుతుంది, స్నేహితుల దగ్గరికి పేకాటకు వెళ్ళేటప్పుడు నొప్పెట్టదు. నాయనమ్మ మందులు వేళకు వేసుకుంటోంది, అంటే నేను వేళకు వేస్తున్నాను. పోయిన ఉత్తరం నాలుగు ముక్కల్లో ఎందుకు ముగించానని అడిగావు. కోపంలో ఉన్నాను కాబట్టి. ఆ కోపం ఇప్పటికీ పోలేదు, కానీ ఇవాళ ఆదివారం, స్థిమితంగా కూర్చుని రాసే చోటు దొరికింది. నీ గది గురించి అడిగినదానికి మాత్రం చివర్లో చెబుతాను.

"ఆ జిప్పుల పని మానెయ్యకూడదా అమ్మా, ఎందుకంత హైరానా?" అని రాశావు. నువ్వూ ఆ మాటే అన్నావా! చదవగానే ఒళ్ళు మండింది. నీకు శిక్షణలో ఒక మంచి మార్కు వస్తే ఇల్లంతా తిరిగి చెప్పుకునేదాన్ని నేను. ఎవరూ బాగుచెయ్యలేక పక్కన పడేసిన సంచీకి నేను ప్రాణం పోస్తే మాత్రం అది హైరానా అయిందా?

నా పని ఎలా సాగుతుందో నీకు సగమే తెలుసు. ఆసుపత్రి కౌంటర్ నుంచి సాయంత్రం వస్తాను. వంట, నాయనమ్మ స్నానం, బట్టలు పోగా మిగిలేది కలిపితే గంటన్నర. కానీ ఆ గంటన్నర ఒకచోట కుదురుగా దొరకదు. పొయ్యి మీద నీళ్ళు కాగేలోపు అయిదు నిమిషాలు, నాయనమ్మ కునుకు తీసినప్పుడు పావుగంట, అలా చిల్లరగా దొరుకుతుంది. అందుకే వంటింటి బల్ల మీద మూడు డబ్బాలు పెట్టుకున్నాను. అయిదు నిమిషాల డబ్బాలో పట్టు సడలిన రన్నర్లు, అంటే జిప్పు మీద పైకీ కిందికీ జరిగే ముక్కలు. ప్లయరుతో ఒక్క నొక్కు నొక్కితే చాలు. పావుగంట డబ్బాలో జిప్పు పళ్ళు విరిగినవి. అరగంట డబ్బాలో జిప్పు మొత్తం విప్పి కుట్టాల్సినవి. ప్రతిదానికీ చీటీ గుచ్చుతాను, ఎవరిది, పని ఎక్కడ ఆపాను అని. చేతిలో ఎంత టైముందో చూసుకుని ఆ డబ్బా తెరుస్తాను. ఇలా రెండేళ్ళుగా ఒక్క సంచీ కూడా తారుమారు కాలేదు.

కిందటి నెలలో కొండలెక్కే క్లబ్బు సెక్రటరీ వచ్చి ఎనిమిది గుడారాలు ఇచ్చాడు. ఒక్కరి దగ్గరి నుంచి అంత పెద్ద పని రావడం అదే మొదలు. ఎనిమిదీ ఎనిమిదిసార్లు కొన్నవి, ఒకదాని రన్నర్ ఇంకోదానికి పట్టదు. అన్నీ ఊడదీసి, బిగించి, ఏ గుడారంవి ఆ కాగితం పొట్లంలో కట్టి, పొట్లం మీద నంబరు వేసి అయిదు నిమిషాల డబ్బాలో పెట్టాను. శనివారానికి ఇస్తానన్నాను. బాగుంటే క్లబ్బు సామానంతా ఏటేటా నాకే ఇస్తామన్నాడు. ఆ మాట ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు నాలో నేనే మురిసిపోయాను.

గురువారం సాయంత్రం నాన్న ఆఫీసు పై అధికారి, ఆయన భార్య టీకి వస్తున్నారు. నేను ఇల్లు చేరేసరికి వంటింటి బల్ల అద్దంలా మెరిసిపోతోంది.

"డబ్బాలేవి?" అన్నాను.

"ఆ గందరగోళమంతా ఒక్క సంచీలో సర్దేశాను. చెత్త కాగితాలు పారేశాను. చూడు, ఎంత శుభ్రంగా ఉందో!" అన్నారు మీ నాన్న, ఏదో బహుమతి ఇస్తున్నట్టు.

చెత్త కాగితాలంటే నా చీటీలూ, నా పొట్లాలూ. ఇరవై ఏడు మంది సామాను, ఎనిమిది గుడారాల రన్నర్లు, అన్నీ ఒకే సంచీలో కలగాపులగం. అరుద్దామంటే గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

టీ తాగుతూ ఆ అధికారి భార్య కిటికీ మీది నా ప్లయరు చూసి, ఇదేంటండీ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు మీ నాన్న నవ్వుతూ, "అబ్బే, ఏదో కాలక్షేపానికి చేసుకుంటూ ఉంటుంది లెండి" అన్నారు.

కాలక్షేపమట! ఈ ఇంట్లో కాలక్షేపం చేసే మనిషి ఎవరో ఆ పేకముక్కల్ని అడిగితే చెబుతాయి. నేను కాసేపు కూర్చుని కిటికీలోంచి బయటికి చూసి ఎన్నేళ్ళయిందో! బిస్కెట్లు అందించాను, నవ్వాను, పళ్ళు మాత్రం లోపల కొరుక్కుంటూనే ఉన్నాను.

ఆ రన్నర్లను మళ్ళీ జత కలపడానికి తల ప్రాణం తోకకొచ్చింది. గుడారాలు శనివారానికి కాలేదు. సెక్రటరీకి ఫోన్ చేసి బుధవారం దాకా గడువు అడిగాను. అతను తిట్టినా బాగుండేది. "పర్లేదు లెండమ్మా, ఇంట్లో చేసే పనులు ఇలాగే ఉంటాయి" అన్నాడు. ఎంత జాలిగా అన్నాడో! ఎందుకు ఆలస్యమైందో అతనికి చెప్పలేదు. చెబితే అతని మాటే నిజమవుతుంది.

ఇక అసలు సంగతి. నీ గది అలాగే ఉందని పోయిన ఉత్తరంలో రాశాను కదా, అది అబద్ధం. ఈ ఉత్తరం నీ గదిలోంచే రాస్తున్నాను.

ఆ శుక్రవారం పొద్దున్నే నాయనమ్మ దగ్గరికి వెళ్ళి నీ గది తాళంచెవి అడిగాను. ఎందుకని అడుగుతుందనుకున్నాను. దిండు కింద నుంచి తీసి చేతిలో పెట్టి, "ఇన్నాళ్ళు ఎందుకు అడగలేదే?" అంది. ఆవిడ ముందు ఏడవకూడదని గబగబా వచ్చేశాను.

నీ మంచం గోడవారకు జరిపాను. నీ పుస్తకాలు అట్టపెట్టెల్లో పెట్టి పేర్లు రాశాను, ఒక్కటీ పోలేదు. నీ చదువుకునే బల్ల మీద నా మూడు డబ్బాలు, కుట్టుమిషను ఉన్నాయి. ఇంకొకటి కూడా చెప్పాలి, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. ఎనిమిదో గుడారం రన్నర్ ఒకటి నాన్న సర్దుడులో చెత్తలో పోయింది. ఆ సైజు ఏ షాపులోనూ దొరకలేదు. నీ అలమారాలో ఉన్న ఎర్ర సంచీకి, అదే, నువ్వు మొదటిసారి బడికి వేసుకెళ్ళిన సంచీకి ఉంది. తీశాను. నువ్వు దాచుకున్నదని తెలిసే తీశాను. తిట్టాలనుకుంటే తిట్టు, పడతాను. గుడారాలు మాత్రం బుధవారం పొద్దున్నే వెళ్ళాయి. క్లబ్బు వాళ్ళ దగ్గరి నుంచి మళ్ళీ ఇంతవరకు కబురు లేదు.

నాన్న ఎగిరిపడ్డారు. "పిల్ల గది అలాగే ఉంచమంది కదా, నీకు ఇల్లంతా ఉంది కదా!" అన్నారు. ఇల్లంతా ఉందట. నాన్నకు కుర్చీ ఉంది, నాయనమ్మకు మంచం ఉంది, ఏడాదిగా నువ్వు లేకపోయినా నీకు గది ఉంది, గొడుగులకు కూడా తలుపు వెనక మేకు ఉంది. నాకు మాత్రం ఎవరైనా వస్తే ఖాళీ చెయ్యాల్సిన బల్ల ఉంది. ఈ మాటలన్నీ ఆయన మొహాన అన్నాను. ఆయన వారం రోజులు మూతి ముడుచుకున్నారు. నేనూ బతిమాలలేదు.

నిన్న మధ్యాహ్నం తలుపు వేసుకుని మిషను కుడుతుంటే, టక్ టక్ మని చప్పుడైంది. మిషను పాడైందేమో అనుకుని ఆపాను. మళ్ళీ టక్ టక్. "రావచ్చా?" అన్నారు బయట మీ నాన్న.

ఆయన చేతిలో ఆఫీసు సంచీ ఉంది, దానికి గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. "ఎవరిది: మీ ఆయనది. ఎంత పని: తెలియదు" అని రాశారు. ఏ డబ్బాలో పెట్టాలని అడిగారు. పావుగంట డబ్బా చూపించాను. ముందు నాది చెయ్యవా అన్నారు. మీకంటే ముందు ఆరుగురున్నారు, వరసలో రావాలన్నాను. తల ఊపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళారు.

ఈ ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళయింది. నేనున్న గది తలుపు ఒకరు తట్టడం అదే మొదటిసారి.

సెలవులకు తప్పకుండా రా. నీ మంచం మీద ఉతికిన దుప్పటి వేసి ఉంచుతాను, నీకు ఇష్టమైనవన్నీ చేసిపెడతాను. తలుపు వేసి ఉంటే మాత్రం తట్టి లోపలికి రా.

ఇట్లు,
కోపం ఇంకా పూర్తిగా తగ్గని
మీ అమ్మ