ఫోన్లో తిరిగిన నీ కదురు

ఎల్లవ్వా,

నువ్వుంటే ఈపాటికి వాడంతా తిరిగి చెప్పొచ్చేదానివి! మన బిడ్డ సుజాత ఫోన్లో పాఠం చెప్తుంటే పిల్లలు సగంలోనే వెళ్ళిపోతున్నారని ఎంత దిగులుపడిందో! ఇవాళ పద్ధతి మార్చింది. ఉన్ని అందరికీ దొరకదని కాస్త దూది తెచ్చుకోమని పిల్లలకు చెప్పి, నీ కదురిచ్చి నన్ను ఫోన్ ముందు కూర్చోబెట్టింది.

నేను నీ ముచ్చట్లు మొదలుపెట్టగానే, "బాపూ, జర కథలు ఆపి తిప్పు!" అంది.

నువ్వు పోయినప్పటి నుంచి ఆ కదురు మీద సగం వడికిన ఉన్నిని నేను ముట్టలేదు. ఇవాళ తిప్పాను.

"మెలేస్తే దారం ఎందుకు గట్టిగైతది?" అని సుజాత అడిగితే, పిల్లలంతా ఒక్కసారే జవాబులు అరిచారే! పాఠం అయిపోయినా ఒక్కరూ పోలేదు.

"తాతా, నాది తెగుతాంది, నీదెందుకు తెగుతలేదు?" అని ఒక పిల్ల అడిగింది.

"మొదలువెట్టింది మా ఎల్లవ్వ, బిడ్డా. నేను జర సాగదీసిన, గంతే" అన్నాను.